గంజి లేని చీర అడిగిన టీచరమ్మ

మా కింది ఇంటి టీచరమ్మ పోయింది. పోయిన వారం ఒక పొద్దున నేను మనవరాలికి రాగి సరి చల్లారబెడుతున్నాను. ఆమె చెల్లెలు మెట్లెక్కి వచ్చింది. కాళ్ళకి చెప్పులు కూడా లేవు. "అన్నా, అక్క లేదు. ఆసుపత్రి నుంచి ఇప్పుడే ఫోనొచ్చినాది" అంది. గిన్నె నా చేతిలో అట్లాగే ఉండిపోయింది. మనవరాలు మాత్రం నోరు తెరుచుకుని చెంచా కోసం చూస్తూనే ఉంది. ఏడవాలో, ఆ నోట్లో చెంచా పెట్టాలో తెలియలేదు. చెంచానే పెట్టాను. టీచరమ్మ ఉన్నా అదే చేయమనేది.

నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. చిక్కపేటలో ఒక చీరల హోల్‌సేల్ అంగట్లో చేరి, అక్కడే జుట్టు నెరిసేదాకా పనిచేశాను. ఇలాంటివి రాసే అలవాటు లేదు. కానీ ఏం చెప్పమంటారు, నా సంతోషం నా ఒంట్లో పట్టడం లేదు. దుఃఖమూ పట్టడం లేదు. రెండూ ఒకే మనిషి వల్ల వచ్చాయి. ఆ మనిషి ఎట్లాంటిదో ఎవరికైనా చెప్పుకుంటే తప్ప నాకు నెమ్మది ఉండదు.

వర్తూరులో మేము పైన, టీచరమ్మా వాళ్ళ చెల్లెలూ కింద. ఇక్కడి బడిలోనే ఆమె సైన్సు చెప్పింది. మా అమ్మాయి కూడా ఆమె దగ్గరే చదువుకుంది. రిటైరైన కొత్తలో ఒకరోజు ఆమె పైకొచ్చి నన్నొక వింత కోరిక అడిగింది.

"అన్నా, మీ అంగట్లో గంజి పెట్టని నూలు చీర దొరుకుతాదా?"

నేను నవ్వాను. టీచర్లు కట్టే చీరల సంగతి నాకు తెలియదా? గంజి దండిగా పట్టించి, ఇస్త్రీ చేసి, మనిషి లేకపోయినా చీరే లేచి నిలబడేట్టు ఉండాలి వాళ్ళకి. గంజి వద్దన్న టీచరును నేను అంతవరకూ చూడలేదు.

"జరీ వద్దు. అంచు గరుకుండకూడదు. ఎవరన్నా కట్టి కట్టి మెత్తబడిందైనా సరే" అంది.

"ఏమిటికమ్మా?"

"ఒళ్ళంతా దురదన్నా. గీరుకుంటే ఇంకా గీరుకోవాలనిపిస్తాది."

"వంకాయ తిన్నారేమో."

"వంకాయ మీద ఎందుకప్పా నింద! ఇది కాలేయం పని."

"గంజికీ కాలేయానికీ ఏం సంబంధమమ్మా?"

ఆ మాట వినగానే ఆమె ముఖం వెలిగిపోయింది. జబ్బు చెప్పుకునే మనిషి ముఖంలా లేదది, పిల్లవాడు మంచి ప్రశ్న వేసినప్పటి టీచరు ముఖంలా ఉంది. "కూర్చో, చెప్తా" అంది. మా ఇంట్లో నన్నే కూర్చోమంది చూడండి!

"మన చెరువులో నురగ చూసినావు కదా?"

చూడకుండా ఎట్లా? వాన పడితే చాలు, ఆ తెల్ల నురగ గట్టు దాటి వచ్చి బండ్లమీద పోయేవాళ్ళ నెత్తిన పడేది.

"అది దేని నురగ?"

"ఊరంతా వదిలిన సబ్బు నీళ్ళది."

"నెయ్యి గిన్నె వట్టి నీళ్ళతో కడిగితే పోతాదా? పోదు. సబ్బు కావాల. మనం తిన్న నూనె, నెయ్యి అరగాలన్నా లోపల సబ్బు మాదిరిది ఒకటి కావాల. కాలేయం అట్లాంటి రసం చేస్తాది. పసుపు, ఆకుపచ్చ కలిసినట్టుంటాది. అదే పైత్యరసం. సన్న సన్న గొట్టాల్లో నుంచి పేగులోకి దిగి, నూనెను చిన్న చిన్న బొట్లు చేస్తాది. ఒంట్లో పాతబడిన రక్తం తాలూకు రంగు కూడా దాంట్లో కలిసే బయటికి పోతాది. నాకు ఆ గొట్టాలు పాడైతా ఉండాయి. నా ఒళ్ళే వాటి మీద పగబట్టిందంట."

"ఎందుకు పగ?"

"అదే నేనూ అడిగితి డాక్టర్ని. పూర్తిగా తెలీదన్నాడు. ఎంత బాగుంది చూడు, ఇంకా తెలీనిది ఒకటి నా ఒంట్లోనే ఉండాది!"

తనకొచ్చిన జబ్బును ఇట్లా మెచ్చుకునే మనిషిని నేను ఎక్కడా చూడలేదు.

నాకు అప్పుడు మా చిక్కపేట సందు గుర్తొచ్చింది. లారీ లోపలికి రాదు. సరుకంతా తోపుడు బండ్ల మీదే పోవాలి. ఒక్క బండి చక్రం మోరీ కాలువలో దిగబడిందంటే అయిపోయింది. "టీచరమ్మా, ఇక్కడ అంగట్లో చీర ఉండదు, అక్కడ గోడౌన్లో కాలు పెట్టే చోటుండదు. మూటలు రోడ్డు మీదికొచ్చి జనం తట్టుకుని పడతారు. ఇదీ అట్లేనా?" అని అడిగాను.

ఆమె రెండు చేతులూ చరిచింది. "రెండు నష్టాలూ చెప్పేసినావన్నా! పేగుకి చేరాల్సింది చేరదు. కాలేయంలో ఉండకూడనిది ఉండిపోతాది. అక్కడ పట్టక రక్తంలోకి పొంగుతాది."

ఆ తర్వాత ఆ పోలికను ఆమె అందరికీ చెప్పేది. ప్రతిసారీ "ఇది పైనింటన్న చెప్పింది" అని చేర్చేది. నా జన్మలో నేను చెప్పిన పాఠం అదొక్కటే. దాన్ని కూడా ఆమే నాకు మార్కులిచ్చి పాస్ చేసింది.

ఆమె కోసం మల్‌మల్ చీరలు తెచ్చి, మా ఇంటామె చేత వాటిని ఉతికించి ఉతికించి గుడ్డను వెన్నలా చేయించాను. అవి కట్టుకుని, కింది మెట్టు మీద కూర్చుని, బకెట్ నీళ్ళలో పాదాలు పెట్టుకునేది. చేతిలో ఎప్పుడూ చల్లని స్టీలు గ్లాసు. తాగడానికి కాదు, అరచేతుల మధ్య దొర్లించడానికి. దురద రాత్రిపూట ఇంకా ఎక్కువట. కూరగాయల బండి వస్తే అక్కడి నుంచే ప్రశ్నలు. "ఏమప్పా, ఈ గుమ్మడికాయ లోపల మాత్రమే పచ్చగా యాలుంటాది?" ఆ మనిషి, "టీచరమ్మా, కొనేదుంటే కొనండి, పరీక్ష పెట్టొద్దండి" అని దండం పెట్టేవాడు.

ఆమె దగ్గర సిగ్గు అనేది లేదు. మూత్రం డికాషన్ రంగులో వస్తోందని, విరేచనం సుద్దమట్టిలా తెల్లబడిందని అన్నం తినేటప్పుడు కూడా చెప్పేది. మా ఇంటామె ముక్కు మూసుకునేది. "వొదినా, ఆ రంగిచ్చేదే పైత్యరసం. రంగు అక్కడ పోయి ఇక్కడ వస్తా ఉండాదంటే దారి తప్పిందని అర్థం. ఒళ్ళు ఇంత బాగా చెప్తా ఉంటే మనం ముక్కు మూసుకుంటే ఎట్ల?" అనేది. కొవ్వు అరగక, కొవ్వుతో పాటు ఒంటికి పట్టాల్సిన విటమిన్లు కూడా పట్టక, ఆమె ఎముకలు గుల్లబారాయి. కాస్త తగిలితే చాలు, చర్మం కింద నీలంగా కమిలేది. అయినా దురద ఎందుకొస్తుందో మాత్రం ఇప్పటికీ ఎవరికీ పూర్తిగా తెలియదని చెప్పి సంబరపడేది.

ఒకసారి చిక్కపేట పూజా సామాన్ల అంగడి నుంచి, ఆమె దురదకి పనికొస్తుందేమోనని గోరోచనం తెచ్చాను. ఆమె దాన్ని చూసి, "ఇదేమో తెలుసా? ఆవు పిత్తాశయంలో కట్టిన రాయి" అంది. చిన్నప్పుడు మా అవ్వ అరగదీసి నా నాలుక మీద రాసింది కూడా అదే! "మనోళ్ళు చూడన్నా, పిచ్చిమాటలు మాట్లాడితే పైత్యం అంటారు, పొగరుంటే గోరోజనం అంటారు. ఒక్క రసం మీద ఎన్ని చాడీలో! అది పాపం నోరు మూసుకుని నెయ్యి కడుగుతా ఉంటాది" అంది. ఆమె మింగే మాత్ర కూడా మొదట్లో ఎలుగుబంటి పిత్తంలో కనిపెట్టిన మందేనట. ఇప్పుడు ఎలుగుబంటి జోలికి పోకుండానే తయారు చేస్తారు. మా ఇంట్లో దాని పేరు ఎలుగుబంటి మాత్ర అయిపోయింది.

ఇక నా సంతోషం సంగతి చెప్తాను.

మా అమ్మాయికి పెళ్ళైన చాలా ఏళ్ళకు కడుపు పండింది. అల్లుడిదీ దానిదీ మహదేవపురలో ఆఫీసు పని, అక్కడే కాపురం. ఎనిమిదో నెలలో సీమంతానికి మా ఇంటికి తీసుకొచ్చాం. గాజులు, చలిమిడి, పూలజడ, ఏదీ తక్కువ చేయలేదు. కోను పెట్టే అమ్మాయిని పిలిపించి మోచేతుల దాకా, పాదాల మీద మడమల దాకా గోరింటాకు పెట్టించాం. మరునాటికి ఎంత ఎర్రగా పండిందో! "చూడమ్మా, అల్లుడు ఎంత మంచోడో చేతులే చెప్తా ఉండాయి" అని మా ఇంటామె. "చేతులు చెప్పేదేముంది, గిన్నెలు కడిగేది ఆయనే కదా, ఆయన చేతులు చూడు" అని అమ్మాయి.

రెండు మూడు రోజులకి దానికి అరచేతులు, అరికాళ్ళు దురద మొదలైంది. పొక్కు లేదు, దద్దురు లేదు. మా ఇంటామె కోను అమ్మాయిని తిట్టిపోసింది. "ఏం కెమికల్ కలిపినారో ఏమో! మన చెట్టు గోరింటాకు రుబ్బుంటే ఇట్లయ్యేదా?" అని కొబ్బరినూనె రాసింది, వేపాకు రుబ్బి పట్టు వేసింది, చివరికి సీమంతానికి వచ్చినవాళ్ళ దిష్టి అని మిరపకాయలు కూడా తిప్పింది. మిరపకాయల ఘాటుకి మేమందరం దగ్గాం. దురద తగ్గలేదు. రంగు వెలిసిపోయింది, దురద ఉండిపోయింది. పిల్లకి రాత్రి నిద్ర లేదు. పగలంతా ముఖం వాడిపోయి ఉండేది. ఆ పూత ఒంట్లోకి ఇంకిందేమో, దానంతట అదే పోతుంది అనుకున్నాం. ఇంటిల్లిపాదికీ ఒకే జవాబు దొరికింది కాబట్టి ఇంకొకటి వెతకలేదు.

ఒక సాయంత్రం మా అమ్మాయి కిందికి దిగి, టీచరమ్మ వాకిట్లో కాళ్ళు తుడుచుకునే పీచు పట్ట మీద అరికాళ్ళు రుద్దుకుంటూ మాట్లాడుతోంది. టీచరమ్మ మాట మధ్యలో ఆపేసింది.

"ఏమే, కాలెందుకట్ల రుద్దుతా ఉండావు?"

"ఆ మెహందీ మిస్. పడలేదు."

"మెహందీ ఎక్కడ పెట్టించుకున్యావు?"

"చేతులకి, కాళ్ళకి."

"కాలికి ఎక్కడ?"

"పైన మిస్. చుట్టూ."

"అరికాలికి?"

"అరికాలికి ఎవరన్నా పెట్టుకుంటారా మిస్! నడిస్తే జారి పడతాం కదా."

టీచరమ్మ చేతిలో గ్లాసు కింద పెట్టింది. "పైన పెట్టిన గోరింటాకు అరికాలికి ఎట్ల దిగిందే?"

నేను పక్కనే ఉన్నాను. ఆ ప్రశ్న విని నాకు నవ్వొచ్చింది. మరుక్షణం నవ్వు ఆగిపోయింది. నిజమే కదా? పాదం మీద గోరింటాకు పూసిన చోట ఏమీ లేదు, పూయని అరికాలికి దురద. ఇంత చిన్న మాట మాలో ఒక్కరికీ తోచలేదు.

"మూత్రం రంగు ఎట్లుండాది?"

"నీళ్ళు సరిగ్గా తాగలేదు మిస్, కొంచెం ముదురుగా..."

"డాక్టరుకి చెప్పినావా?"

"దురద కూడా చెప్పాలా మిస్? ఇంత చిన్నదానికి బేజారు చెయ్యడమెందుకని..."

"నాకు తెలీదు పాపా. నేను డాక్టర్ని కాదు. కానీ ఈ దురద నాకు చుట్టం మాదిరి కనిపిస్తా ఉండాది. ఇప్పుడే ఫోన్ చెయ్."

అమ్మాయికి కాన్పు చూసే డాక్టరమ్మ వయసులో చిన్నదే, కానీ ఫోన్లో వినగానే "రేపు కాదు, ఇప్పుడే రండి" అంది. రక్తం తీసి పరీక్షకు పంపారు. ఆ రిపోర్టు రాగానే మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. కొందరు గర్భిణులకు చివరి నెలల్లో ఒంట్లో మార్పుల వల్ల పైత్యరసం సరిగ్గా పారదట. ఆ రసంలోని ఆమ్లాలు రక్తంలో పేరుకుంటాయట. తల్లికి దురద, నిద్ర లేకపోవడం. ప్రసవం కాగానే తల్లికి మామూలుగా తగ్గిపోతుంది. భయం బిడ్డ గురించి. ఆమ్లాలు బాగా పెరిగితే, కడుపులో అంతవరకూ బాగున్న బిడ్డ ఉన్నట్టుండి... ఆమె ఆ మాట పూర్తి చేయలేదు. మాత్రలిచ్చి, మళ్ళీ మళ్ళీ రక్తపరీక్షకు రమ్మంది. ఆ ఆమ్లాల లెక్క పెరిగితే రోజులు నిండే దాకా ఆగకుండా నొప్పులు తెప్పిస్తామంది.

మాత్ర చూస్తే ఏముంది? ఎలుగుబంటి మాత్రే!

ఆ రోజుల్లో భోజనమైనాక టీచరమ్మా మా అమ్మాయీ కింది మెట్టు మీద పక్కపక్కన కూర్చునేవాళ్ళు. ఇద్దరి పాదాలూ ఒకే బకెట్లో. "చీర్స్ మిస్" అని మా అమ్మాయి మాత్ర పైకెత్తేది. "ముందు మింగవే, తర్వాత వేషాలు" అనేది టీచరమ్మ. నేను మాత్రం నవ్వలేకపోయేవాణ్ణి. ఒకరోజు ఆమెను విడిగా అడిగాను.

"బిడ్డకేం కాదు కదా టీచరమ్మా?"

ఆమె నాకు ఊరికే ధైర్యం చెప్పలేదు. "చానామందికి బాగానే అయితాది. ఎవరికో ఒకరికి కాదు. ఆ ఒకరు మనం కాకూడదనే కదా అన్నా ఇన్ని పరీక్షలు. తెలీదు అని అక్కడే నిలబడొద్దు. తెలీదు, చూద్దాం అను" అంది. ఆ మాట పట్టుకునే నేను ఆ రోజులు దాటాను.

లెక్క పెరిగింది. నొప్పులు తెప్పించడానికి డాక్టరమ్మ ఒక తేదీ చెప్పింది. ఆ రోజు అమావాస్య! మా ఇంటామె మొండికేసింది. "రెండ్రోజులే కదా, పాడ్యమి దాటనీ. ఇన్నేళ్ళకి పుట్టే బిడ్డ, అమావాస్య నాడా?" అని కన్నీళ్ళు పెట్టుకుంది. నాకూ అమావాస్య వద్దనే ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. అల్లుడు అత్తకి ఎదురు చెప్పలేక గోడ వైపు చూస్తున్నాడు. అప్పటికే టీచరమ్మకు నీరసం. ఆ మెట్లెక్కలేక ఎక్కి వచ్చి, మా ఇంటామె పక్కన కూలబడింది.

"వొదినా, పైత్యరసానికి పంచాంగం తెలీదు."

మా ఇంటామె ముఖం అటు తిప్పుకుంది.

"అది మంచి రోజు చూసి ఆగదు. మనం ఆగితే అది ఆగుతాదా? చీకటి రోజున పుడితే ఏం, దీపం మాదిరి వచ్చిందని మనమే చెప్పుకుందాం. ముందు పుట్టనీ."

మా ఇంటామె కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. లేచి పోయి ఆసుపత్రికి సంచి సర్దింది. అంతే.

పుట్టింది! ఆడపిల్ల! కొంచెం తొందరపడి వచ్చినందుకు చిన్నగా ఉంది, అయితే ఏం గొంతండీ, వార్డంతా వినబడింది. ఆ రోజు నేను ఆసుపత్రి బయట ఆటోవాళ్ళకి, పూలమ్మే ఆమెకి, ఎవరో తెలియని పెద్దమనిషికి కూడా చెప్పాను. ఆ పెద్దమనిషికి కన్నడం తప్ప రాదు. నేను సంతోషంలో తెలుగులోనే చెప్పాను. అయినా నా చేయి పట్టుకుని ఊపాడు. డెబ్బై ఏళ్ళ మనిషిని, నడిరోడ్డు మీద ఏడ్చుకుంటూ నవ్వాను.

బిడ్డను తీసుకుని ఇంటికి రాగానే టీచరమ్మ మొదట అడిగింది పేరు కాదు, ఎవరి పోలిక అని కాదు. "దొడ్డికి రంగేముండాది?" అంది. మా ఇంటామె ఇప్పుడు ముక్కు మూసుకోలేదు. బిడ్డ గుడ్డ తెచ్చి గర్వంగా విప్పి చూపించింది. ఆవపిండి ముద్ద రంగు! టీచరమ్మ దాన్ని కంచిపట్టు చీరను చూసినట్టు చూసింది. "బంగారం వొదినా, బంగారం" అంది. కొద్ది రోజులకే మా అమ్మాయి దురద మాయమైంది. ఆ సంగతి చెప్పడానికి దానికి నోరు రాలేదు. టీచరమ్మకి తగ్గలేదు కదా. ఆమే కనిపెట్టి అడిగింది.

"పోయిందా?"

"పోయింది మిస్."

"ఎంత విచిత్రమే! ఇద్దరిదీ ఒకే దురద, ఒకే మాత్ర. నీది బిడ్డతో పాటు దిగిపోయింది, నాది నన్నొదిలి పోదంట. ఏమిటికో?" అంది. ఆ గొంతులో అసూయ లేదు. నిజంగా తెలుసుకోవాలనే ఉంది.

తర్వాత ఆమె కళ్ళు పసుపెక్కాయి. కడుపు ఉబ్బింది, కాళ్ళు వాచాయి. కాలేయం మార్చే ఆపరేషన్ చేస్తే ఆమె గుండె తట్టుకోలేదన్నారు. చివరిసారి ఆసుపత్రికి వెళ్తూ అద్దంలో తన కళ్ళు చూసుకుని, "ఈ పసుపు మీ అంగట్లో ఏ పేరుతో అమ్ముతారన్నా?" అని అడిగింది. మా అంగట్లో నిమ్మపండు రంగుంది, చేమంతి రంగుంది, పసుపుకొమ్ము రంగుంది. "ఈ రంగు మేము అమ్మమమ్మా" అన్నాను. ఆమె తలూపి, ఆ జవాబు బాగుందన్నట్టు నవ్వింది.

ఆమెను ఇంటికి తెచ్చి, అద్దం మూత ఉన్న మంచు పెట్టెలో వాకిట్లో పడుకోబెట్టారు. ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళు వస్తూనే ఉన్నారు. కొందరికి తల నెరిసింది, కొందరు మెడలో ఆఫీసు కార్డులతోనే వచ్చారు. మా అమ్మాయి బిడ్డను చంకనెత్తుకుని మెట్లు దిగబోతే మా ఇంటామె అడ్డం నిలబడింది.

"పసిబిడ్డని అక్కడికి తీసకపోతారటే? నువ్వు పోయిరా, బిడ్డను నాకియ్యి."

"ఇయ్యనమ్మా. మిస్ అడక్కపోయుంటే ఈ బిడ్డ ఏడుండేది?"

మా ఇంటామె చెయ్యి అడ్డంగానే ఉంది. కాసేపటికి ఆ చెయ్యి కిందికి దిగింది. తనే ముందు నడిచి, జనాన్ని పక్కకు జరుపుతూ దారి చేసింది.

పెట్టె చల్లదనానికి పైన అద్దమంతా తేమ కమ్ముకుని ఉంది. లోపల ఎవరున్నారో కూడా సరిగ్గా కనబడటం లేదు. మనవరాలు తల్లి చంకలో నుంచి వంగి, చల్లగా ఏముందో చూద్దామన్నట్టు అరచేయి చాపి అద్దం మీద అదిమింది. కాసేపు అట్లాగే ఉంచింది. తీశాక అద్దం మీద ఐదు వేళ్ళతో ఒక చిన్న చేయి అంత మేర తేటగా మిగిలింది. ఆ చేతిలో నుంచి టీచరమ్మ ముఖం కనిపించింది.